పాడేరు, అరకు ఘాట్లలో బైక్: మలుపు దగ్గర ఎటు ఉండాలి, ఎంత స్పీడు?

కొత్తబండి_వైజాగ్
అందరికీ నమస్తే. డిసెంబరులో నేనూ మా ఆవిడా బైక్ మీద ఏజెన్సీ వైపు వెళ్దామనుకుంటున్నాం. రూట్ ఇదీ: వైజాగ్ నుంచి చోడవరం, మాడుగుల మీదుగా పాడేరు. రాత్రికి అక్కడే. మర్నాడు హుకుంపేట, డుంబ్రిగుడ మీదుగా అరకు, అక్కడి నుంచి అనంతగిరి ఘాట్ దిగి ఎస్.కోట, ఇంటికి. బండి 125 సీసీ. ముందు, వెనక రెండూ డ్రమ్ము బ్రేకులే, సీబీఎస్ (కాలి బ్రేకు తొక్కితే ముందుది కూడా కొంత పడే ఏర్పాటు) ఉంది. సిటీలో రోజూ నడుపుతాను, హైవే కూడా అలవాటే. ఇలాంటి సన్న రోడ్లూ, వంపులూ మాత్రం కొత్త.

మా మామయ్య గారు "దిగేటప్పుడు ముందు బ్రేక్ ముట్టుకున్నావంటే తలకిందులే" అంటున్నారు. ఆఫీసులో ఫ్రెండేమో "ముందు బ్రేకే అసలు బ్రేక్" అంటాడు. ఎవరి మాట వినాలి? మలుపులో రోడ్డుకి ఎటువైపు ఉండాలి? మంచులో ఏం చేస్తారు? వీడియోలు చూస్తుంటే టెన్షన్ పెరుగుతోంది తప్ప ఏమీ బుర్రకెక్కట్లేదు.

బుల్లెట్‌బాబాయ్
తమ్ముడూ, మరీ అంత ఆలోచించకు. పెళ్లాం పిల్లలతో పాత స్కూటర్ల మీద వెళ్లొస్తున్నారు జనం. మాడుగులలో ఆగి హల్వా తినండి, మెల్లగా ఎక్కండి. హెయిర్‌పిన్ దగ్గర హారన్ కొట్టు, సెకండ్ గేరు వెయ్యి. అంతే సంగతి.

ఏజెన్సీ_మాస్టారు
బాబాయ్ గారు చెప్పింది హెయిర్‌పిన్‌ వరకు సరే. అక్కడ ఎవరికైనా భయం ఉంటుంది, తెలిసిన భయం కాబట్టి అందరూ పాక్కుంటూ పోతారు. నేను పాడేరు నుంచి రోజూ బండి మీదే బడికి వెళ్తాను. మా వైపు జనం ఎదురెదురుగా గుద్దుకునేది ఎక్కువగా మామూలు వంపుల్లో. ఘాట్ ఎక్కేశాక పైన రోడ్డు చదునుగా కనిపిస్తుంది, హమ్మయ్య అనుకుని యాభైకి లాగుతారు. ఓ పక్క గట్టు, ఇంకో పక్క కాఫీ తోటో, పొదలో. వంపు అవతల ఏముందో ఎవరికీ కనపడదు.

లెక్కల మాస్టారిని కాబట్టి లెక్క చెప్పక తప్పదు. గంటకు 40 కిలోమీటర్లంటే సెకనుకు 11 మీటర్లు. ఎదుట ఏదో ఉందని కంటికి తెలిసి, చెయ్యి బ్రేకు పట్టేసరికి ఒక సెకను పోతుంది. అంటే బ్రేకు పడకముందే 11 మీటర్లు ఖర్చు. పొడి తారు మీద మనలాంటి వాళ్లు గట్టిగా బ్రేకేస్తే ఇంకో పది మీటర్లు. మొత్తం 21. అదే 60లో ఉంటే 17, ఆపైన 23, వెరసి 40 మీటర్లు. స్పీడు పెరిగింది ఒకటిన్నర రెట్లు, దూరం పెరిగింది దాదాపు రెండు రెట్లు.

పొదలు కమ్మిన వంపు దగ్గర కనిపించేది ఎంత? 30 మీటర్లు అనుకోండి. నలభైలో వెళ్తే 21లో ఆగిపోతాం కదా అనిపిస్తుంది. అడ్డంగా ఉన్నది ఆవు అయితే సరే. ఎదురుగా వస్తున్నది ఇంకో బండి అయితే? రోడ్డు ఒక్క బండికే సరిపోయేటప్పుడు అవతలివాడికీ ఆగడానికి చోటు కావాలి. ఆ 30లో మీ వాటా 15. పదిహేను మీటర్లలో ఆగాలంటే స్పీడు 30 దాటకూడదు. ఇదంతా పొడి రోడ్డు, సమతలం లెక్క. దిగుడులో, తడిలో ఇంకా తగ్గించుకోవాలి.

రెండు లైన్ల రోడ్డయితే కనిపించినంత దూరంలో ఆగగలగాలి, ఒక్క లైను రోడ్డయితే అందులో సగంలోనే ఆగగలగాలి. అరకు వెళ్లే దారిలో ఈ రెండు రకాలూ తగులుతాయి. వెడల్పు ఉన్నట్టుండి మారిపోతుంది, స్పీడు మాత్రం పాత రోడ్డుదే ఉండిపోతుంది.

ట్రాక్‌డే_తేజ
మాస్టారూ, లెక్క బాగుంది. కానీ లైను సరిగ్గా పట్టుకుంటే అంత తగ్గక్కర్లేదు. మలుపుకి బయటి అంచు నుంచి మొదలుపెట్టి, మధ్యలో లోపలి అంచుకి వచ్చి, మళ్లీ బయటికి వెళ్లడమే. వంపు సాఫీ అవుతుంది, బండి తక్కువ వాల్తుంది, గ్రిప్ మిగులుతుంది. కోయంబత్తూరు ట్రాక్ మీద మొదటి క్లాసులోనే నేర్పిస్తారు.

సర్వీస్‌జీపు_నాయుడు
తేజా, ఆ ట్రాక్‌లో ఎదురుగా జీపులు వస్తాయా బాబూ?

కోపగించుకోకు. నేను పాడేరు లైన్లో జీపు తోలుతాను, నాకు కనిపించేది చెప్తున్నాను. బైకు కుర్రాళ్లు కుడి వంపులో మధ్య గీత మీదకి వచ్చేస్తారు. టైరు గీతకి ఇవతలే ఉంటుంది. బండి కుడికి వాలింది కదా, తలా భుజమూ గీతకి అవతల, నా లైన్లో ఉంటాయి. నా అద్దానికీ వాడి హెల్మెట్‌కీ మధ్య జానెడు సందు. వాడేమో తన లైన్లోనే ఉన్నాననుకుంటాడు!

ఇంకోటి బస్సుల గురించి. హెయిర్‌పిన్‌లో బస్సుకి రోడ్డంతా కావాలి. ఎడమకి తిరిగే బస్సు ముందు భాగం అవతలి లైన్లోకి వెళ్తేగానీ తిరగదు. కుడికి తిరిగే బస్సు ముందు వెడల్పుగా పోయి, వెనక చక్రాలు మాత్రం లోపలి అంచు కోసుకుంటూ వస్తాయి. ఆ లోపలి అంచు ఎవరిది? ఎదురుగా వచ్చే నీది. "సందుంది కదా" అని బైకు దూర్చేవాళ్లున్నారు. బస్సు సగం తిరిగేసరికి ఆ సందు ఉండదు. డ్రైవరికి నువ్వు కనపడవు కూడా. బస్సు హారన్ వినిపించిందంటే మలుపుకి ముందే, ఇరవై అడుగుల ఇవతలే ఆగిపో. అదేమీ అవమానం కాదు. మేం జీపులే ఆపుతాం.

ట్రాక్‌డే_తేజ
నాయుడన్నా, పాయింటు ఒప్పుకుంటా. నేనన్నది రోడ్డు మొత్తం వాడమని కాదు, మన లైను లోపల అని. కానీ రాయడంలో అది రాలేదు. సరిగ్గా చెప్తాను.

ట్రాక్‌లో లైను స్పీడు కోసం. ఊరి రోడ్డు మీద లైను చూపు కోసం. కుడి వంపు వస్తుంటే మన లైన్లో ఎడమకి జరిగితే వంపు అవతల ఎక్కువ దూరం కనిపిస్తుంది, ఎదుటివాడికీ దూరంగా ఉంటాం. మరీ అంచుకి వెళ్లకూడదు, అక్కడ మట్టి ఉంటుంది. ఎడమ వంపుకి మధ్యకి జరిగితే ఎక్కువ కనిపిస్తుంది నిజమే. కానీ గీత వేసిన వెడల్పు రోడ్డయితేనే, ఎదురుగా ఎవరూ లేకపోతేనే. సన్న రోడ్డు మీద ఆ ఆశ వదిలేసుకుని ఎడమకే ఉండాలి, స్పీడు తగ్గించుకోవాలి.

లోపలి అంచుకి తొందరపడి తిరగొద్దు. త్వరగా తిరిగితే వంపు చివర్లో బండి బయటికి, అంటే కుడి వంపులో అయితే ఎడమ పక్క లోయ వైపుకి, ఎడమ వంపులో అయితే ఎదుటి లైన్లోకి తోసుకుపోతుంది. వంపు చివర కనిపించేదాకా వెడల్పుగానే ఉండి, అప్పుడు తిరగాలి.

రోడ్డుకి రెండు అంచులూ దూరంగా ఒక బిందువులో కలిసినట్టు కనిపిస్తాయి చూడండి, దాని మీద కన్ను ఉంచండి. మీరు వెళ్తున్నకొద్దీ ఆ బిందువు మీ దగ్గరికి వస్తుంటే వంపు బిగుస్తోందని అర్థం, స్పీడు తగ్గించండి. మీతో సమానంగా జరుగుతుంటే స్పీడు సరిపోయింది. దూరంగా పారిపోతుంటే వంపు విడిపోతోంది, అప్పుడు యాక్సిలరేటర్ ఇవ్వొచ్చు. కొత్త రోడ్డు మీద ఏ బోర్డూ చెప్పని సంగతి ఇది చెప్తుంది.

తిరుపతి_వంశీ
ఒక సంగతి ఎవరూ చెప్పలేదు. మా తిరుమల ఘాట్‌లో నేర్చుకున్నవాళ్లు బయట జాగ్రత్తగా ఉండాలి. 1944లో వేసిన మొదటి రోడ్డు దిగడానికి, 1974లో వచ్చిన రెండోది ఎక్కడానికి. రెండూ వన్ వే. అక్కడ వెడల్పంతా మనదే, ఎదురుగా ఎవడూ రాడు. కొన్నాళ్లు నడిపితే "ఘాట్ అంటే నాకు కొట్టిన పిండి" అనిపిస్తుంది. అదే చేత్తో పాడేరులో వంపు కోస్తే నాయుడన్న జీపు కిందకే. మా ఫ్రెండ్స్‌లో ఈ అలవాటు చాలామందికి ఉంది, వాళ్లకి తెలియదు కూడా.

కొత్తబండి_వైజాగ్
ఇంత వివరంగా చెప్తారనుకోలేదు, అందరికీ థాంక్స్. మరి బ్రేకుల సంగతి? మామయ్య గారికి నేనేం చెప్పాలి?

నర్సీపట్నం_మెకానిక్
మామయ్య గారికి ఏమీ చెప్పకండి, అల్లుడు మాట ఎవరు వింటారు.

విషయానికొస్తే, బ్రేకేసినప్పుడు బరువంతా ముందు చక్రం మీదకి వస్తుంది. పొడి రోడ్డు మీద గట్టిగా ఆపేటప్పుడు ఎక్కువ పని ముందు బ్రేకుదే. దిగుడులో అయితే ముందు చక్రం మీద బరువు ఇంకా ఎక్కువ. వెనక బ్రేకు ఒక్కటే నమ్ముకుంటే వెనక చక్రం లాక్ అయి జారుతుంది, బండి ఆగదు. పెద్దాయన భయం ఎక్కడిదంటే, బండి వాల్చి ఉన్నప్పుడో, ఇసుక మీదో ముందు బ్రేకు గబుక్కున పిండేవాళ్లని చూసి ఉంటారు. అది నిజంగానే పడేస్తుంది. కాబట్టి బండి నిటారుగా ఉన్నప్పుడే, మలుపుకి ముందే, రెండు బ్రేకులూ కలిపి, పిండినట్టు కాక నొక్కినట్టు. మలుపులోకి వెళ్లాక బ్రేకు పని అయిపోయి ఉండాలి.

మీ బండికి సీబీఎస్ కాబట్టి కాలి బ్రేకు తొక్కితే ముందు బ్రేకు కూడా కొంత పడుతుంది. అది ఏబీఎస్ కాదు, చక్రం లాక్ అవ్వకుండా ఆపదు. 125 సీసీ దాటిన కొత్త బండ్లన్నిటికీ 2019 ఏప్రిల్ నుంచి ఏబీఎస్ ఉండాల్సిందే, 125 లోపు వాటికి అప్పట్లో సీబీఎస్ చాలన్నారు. ఏబీఎస్ ఉన్నా మలుపులో బ్రేకులు నొక్కేయొచ్చని కాదు. అది చక్రం బిగుసుకోకుండా చూస్తుంది గానీ, రోడ్డు మీద లేని పట్టుని పుట్టించలేదు.

దిగేటప్పుడు గేరే అసలు బ్రేకు. ఏ గేరులో ఎక్కగలరో ఆ గేరులోనే దిగండి. పెట్రోలు మిగులుతుందని న్యూట్రల్‌లో జారవిడిచేవాళ్లు మా షాపుకి వస్తుంటారు, డ్రమ్ము తీస్తే లోపల మాడిన వాసన, డ్రమ్ముని పట్టి ఆపే బ్రేకు షూ అద్దంలా మెరుస్తుంటుంది. ఆ మెరుపు పట్టిన షూ ఎంత నొక్కినా పట్టదు. ఇంకో విచిత్రం, ఇప్పటి ఫ్యూయల్ ఇంజెక్షన్ బండ్లలో గేరులో ఉండి యాక్సిలరేటర్ వదిలేస్తే ఇంజనుకి పెట్రోలు ఆపేస్తుంది. న్యూట్రల్‌లో పెడితే ఐడ్లింగ్‌కి తాగుతూనే ఉంటుంది. అంటే మిగులు కూడా లేదు.

బ్రేకు లోతుగా వెళ్తున్నా, పట్టు తగ్గినట్టున్నా, వాసన వచ్చినా పక్కకి తీసి ఆపండి. పావుగంట, ఇరవై నిమిషాలు చల్లారనివ్వండి. వేడి డిస్కు మీద నీళ్లు పోయొద్దు, వంకర తిరుగుతుంది.

ఏఎన్ఎం_సునీత
మెకానిక్ గారూ, మరి స్కూటీ వాళ్ల సంగతి? గేరే లేదు కదా. నేను ఊళ్లు తిరిగేది దాని మీదే. యాక్సిలరేటర్ మొత్తం వదిలేస్తే దిగుడులో ఒక్కోసారి బండిని పట్టి ఆపేది ఏదీ లేనట్టు జారిపోతుంది.

నర్సీపట్నం_మెకానిక్
మేడమ్, మీరు గమనించింది నూటికి నూరు పాళ్లూ నిజం. స్కూటీలో క్లచ్ ఇంజను తిరిగే వేగాన్ని బట్టి పట్టుకుంటుంది. బాగా నెమ్మదించి యాక్సిలరేటర్ మూసేస్తే క్లచ్ వదిలేస్తుంది. ఇక చక్రాలకీ ఇంజనుకీ సంబంధం ఉండదు, బండి న్యూట్రల్‌లో ఉన్నట్టే. అప్పుడు చిన్నగా ఒకసారి యాక్సిలరేటర్ ఇస్తే క్లచ్ మళ్లీ పట్టుకుంటుంది, ఇంజను కొంత ఆపుతుంది. అయినా గేరు బండి అంత ఆపదు. అందుకే స్కూటీ మీద దిగేటప్పుడు ఎప్పటికప్పుడు ఆగి బ్రేకులకి విశ్రాంతి ఇవ్వాలి. బ్రేకు మీద చెయ్యి పెట్టి అలాగే నొక్కిపట్టి దిగొద్దు. నొక్కి, స్పీడు తగ్గించి, వదిలెయ్యండి. మళ్లీ నొక్కండి. ఆ వదిలిన కాసేపట్లోనే డ్రమ్ము గాలి పీల్చుకుంటుంది.

ఏఎన్ఎం_సునీత
థాంక్స్. కొత్తబండి గారూ, మీ ఆవిడ గురించి ఒక్కరూ మాట్లాడట్లేదు కాబట్టి నేను మాట్లాడతాను.

చీరలో పక్కకి కూర్చోబెట్టకండి. బరువంతా ఎడమకే ఉంటుంది, కుడి వంపులో బండి తిరగనంటుంది, మీరు హ్యాండిల్‌తో కుస్తీ పడతారు. చుడీదారో, ప్యాంటో వేసుకుని రెండు వైపులా కాళ్లు వేసుకుని కూర్చోమనండి. చున్నీని నడుముకి కట్టేయాలి, లేదంటే ఇంట్లోనే వదిలేయాలి. చైనులోనో, వెనక చక్రంలోనో చున్నీ పడి వచ్చే కేసులు మేం చూస్తుంటాం. మెడకి చుట్టుకుని ఉన్న చున్నీ అయితే ఆ మెలి నేరుగా మెడకే.

వంపులో భయపడి బండి వాలే వైపుకి కాక ఎదురు వైపుకి వాలిపోతారు వెనక కూర్చున్నవాళ్లు. మీరు ఎటు తిరుగుతుంటే ఆ వైపు మీ భుజం మీదుగా రోడ్డు చూడమని చెప్పండి. అంతే, ఒళ్లు దానంతట అదే సరిగ్గా సర్దుకుంటుంది. బయల్దేరే ముందే మాట్లాడుకోండి: తొడ మీద రెండుసార్లు తడితే ఆపమని. హెల్మెట్‌లో, గాలిలో అరిస్తే వినిపించదు, విసుగొచ్చి ఘాట్ మధ్యలో గొడవలు.

హెల్మెట్ ఇద్దరికీ. మోటారు వాహనాల చట్టం 129వ సెక్షను వెనక కూర్చున్నవాళ్లకీ వర్తిస్తుంది. ఐఎస్ 4151 అని ముద్ర ఉన్నదే కొనండి, కింద పట్టీ బిగించండి. పట్టీ పెట్టుకోని హెల్మెట్ ముందు ఎగిరిపోతుంది, తర్వాత మనిషి పడతాడు.

బుల్లెట్‌బాబాయ్
ఘాట్ మధ్యలో గొడవల గురించి మేడమ్ అనుభవం మీద చెప్తున్నట్టున్నారు 😀

నిర్వాహకుడు
బాబాయ్ గారూ, వెదురు చికెన్ ఎక్కడ బాగుంటుందని మీరు పెట్టిన కామెంటు తిండి విభాగానికి మార్చాను. ఇక్కడ రోడ్డు సంగతే కానివ్వండి.

ఏజెన్సీ_మాస్టారు
రోడ్డు మీద ఏముంటుందో ఇప్పుడు చెప్తాను, స్పీడు ఎంత సరిగ్గా పెట్టుకున్నా ఇవి పడేస్తాయి.

మొదటిది కంకర. వర్షాలకి కొండ పక్క కాలువ పొంగి ఎర్రమట్టీ గులకరాళ్లూ రోడ్డు మీదకి వస్తాయి. అవి ఎక్కువగా చేరేది మలుపు లోపలి అంచున. డిసెంబరు కల్లా నీరు ఎండిపోతుంది, గులక మిగిలిపోతుంది. జాగ్రత్తగా చూస్తే జీపులూ బస్సులూ వెళ్లిన చోట రెండు శుభ్రమైన చారలు కనిపిస్తాయి, టైర్లు ఊడ్చేసిన చారలు. వాటి మధ్యలో ఒక గులక గట్టు, అంచున ఇంకోటి. మీ టైరు ఎడమ చారలోనే ఉండాలి. ఒక చార నుంచి ఇంకో చారకి మారాలంటే మలుపుకి ముందే, బండి నిటారుగా ఉన్నప్పుడే. హుకుంపేట దారిలో వెడల్పు పనులు జరిగిన చోట్ల ఈ గులక మరీ ఎక్కువ.

రెండోది పంట. కోతలైన తర్వాత చోళ్లూ (రాగులు), వడ్లూ రోడ్డు మీదే ఆరబోస్తారు. కొందరు కంకులు పరిచేసి బండ్లు తొక్కితే నూర్పిడి అవుతుందనుకుంటారు. ఎండు చోడి గడ్డి మీద టైరు ఐస్ మీద జారినట్టే జారుతుంది. తిట్టకండి, కళ్లాల్లేని ఊళ్లు అవి. ఆ కుప్ప చుట్టూ రాళ్లు పేర్చి ఉంటారు, రాత్రి పూట ఆ రాళ్లే ప్రమాదం.

మూడోది మేకలు. ఒక మేక రోడ్డు దాటితే అది ఒక్కటే కాదని గుర్తుంచుకోండి. చివరిది దాటేదాకా ఆగండి.

చోడవరం దిగువన చెరకు సీజన్‌లో ట్రాక్టర్లు తిరుగుతాయి. గడలు ట్రాలీ దాటి రెండు పక్కలా పొడుచుకుని ఉంటాయి, వెనక లైటు ఉండదు. పొద్దుపోయాక ఆ దారిలో వెళ్లకండి. వెళ్లక తప్పకపోతే ముందు నల్లగా ఏదో ఉందనిపిస్తే అది ట్రాక్టరే అనుకోండి.

సర్వీస్‌జీపు_నాయుడు
మంచు గురించి నేను చెప్తాను మాస్టారూ.

హై బీమ్ వేస్తే తెల్లగోడ ఎదురుగా నిలబడ్డట్టుంటుంది, మంచు వెలుగుని తిప్పికొడుతుంది. లో బీమే. ఇండికేటర్లు రెండూ వేసుకుని నడపొద్దు, నువ్వు ఆగావో, తిరుగుతున్నావో ఎదుటివాడికి తెలీదు. హెల్మెట్ అద్దం కొంచెం తెరిచి ఉంచితే ఊపిరి ఆవిరి పట్టదు. ఎడమ అంచు గీత కనిపిస్తే దాన్ని పట్టుకుని వెళ్లు. మా జీపు ఎర్ర లైటు చూసుకుంటూ వెనకే వస్తారు కుర్రాళ్లు, అది మంచిదే గానీ దూరంగా రండి. చెయ్యెత్తిన ప్రతి మనిషి దగ్గరా మేం ఆపుతాం. మాది బేరం, మీది ప్రాణం.

ఏమీ కనపడకపోతే ఆగాలి, కానీ రోడ్డు మీద కాదు. ఊరి మొదట్లో వెడల్పు ఉన్న చోట, టీ కొట్టు దగ్గర. మలుపులో అస్సలు ఆగొద్దు.

ఇంకో మాట. పాడేరు దగ్గర వంజంగి కొండ మీద మేఘాలు చూడాలని వైజాగ్ నుంచి అర్ధరాత్రి బయల్దేరి తెల్లవారుజామున ఘాట్ ఎక్కుతారు కొందరు. నిద్ర లేదు, చలికి వేళ్లు కొయ్యబారి ఉంటాయి, బ్రేకు పట్టే వేళ్లు అవే. మీరు రాత్రి పాడేరులో ఉంటానన్నారు, మంచి పని.

కొత్తబండి_వైజాగ్
నాయుడు గారూ, సన్నగా ఉన్న చోట ఎదురుగా బండి వస్తే ఎవరు తగ్గాలి? ఎక్కేవాళ్లా, దిగేవాళ్లా?

సర్వీస్‌జీపు_నాయుడు
రూలు ప్రకారం దిగేవాడు ఆగి ఎక్కేవాడికి దారివ్వాలి. బరువుతో ఎక్కే బండి మధ్యలో ఆగితే మళ్లీ కదలడం కష్టం, వెనక్కి జారుతుంది. పనిలో మాత్రం ఎవరికి వెడల్పు జాగా దగ్గరుంటే వాళ్లు తగ్గుతారు. బైకుకి ఎప్పుడూ జాగా ఉంటుంది కాబట్టి నువ్వే తగ్గు. తగ్గేటప్పుడు లోయ పక్కనయితే తారు దిగొద్దు. వానలకి తారు అంచు కింద మట్టి కొట్టుకుపోయి ఉంటుంది, పైకి గడ్డి కనిపిస్తుంది. కాలు పెడితే తెలుస్తుంది.

అచ్చంపేట_రైడర్
హారన్ గురించి అందరూ గట్టిగా చెప్తున్నారు. మా శ్రీశైలం ఘాట్‌లో మన్ననూరు దాటాక పులుల అడవి. రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు దాకా గేటు మూసేస్తారు. పగలు కూడా హారన్ మోగించుకుంటూ పోతే ఫారెస్టు వాళ్లు ఆపి మందలిస్తారు. అందుకే హారన్ మీద పూర్తిగా ఆధారపడొద్దని నా మాట. కొట్టినా ఎదుటివాడు చెవుల్లో పాటలు పెట్టుకుని ఉండొచ్చు.

ట్రాక్‌డే_తేజ
కరెక్ట్. హారన్ కొట్టి స్పీడు తగ్గించకపోతే, "నేను వస్తున్నా, నువ్వు చూసుకో" అన్నట్టే. అయితే గుడ్డి మలుపులో ఒక్కసారి చిన్నగా కొట్టడం తప్పు కాదన్నా. ఊళ్ల దగ్గర రోడ్డు పక్కన నడిచే ముసలివాళ్లకి అదే దిక్కు.

వరంగల్_శ్రీకాంత్
చదువుతున్నా, చాలా బాగుంది. ఒక డౌటు. ఇవన్నీ ముందే పాటిస్తే సరే, తీరా మలుపులోకి వెళ్లాక "అయ్యో, స్పీడు ఎక్కువైంది" అనిపిస్తే ఏం చెయ్యాలి? అప్పుడు ఆలోచించే టైమే ఉండదు కదా.

ట్రాక్‌డే_తేజ
శ్రీకాంత్, మంచి ప్రశ్న. చాలామంది పడేది ఆ క్షణంలో చేసే పనివల్లే.

భయం వేయగానే కన్ను లోయ వైపో, ఎదురొచ్చే లారీ వైపో అతుక్కుపోతుంది. బండి కన్ను చూసిన చోటికే పోతుంది. తల తిప్పి, మలుపు బయటికి వెళ్లే దారినే చూడాలి. మెడ తిప్పాలి, కళ్లు తిప్పితే చాలదు. ఎడమకి తిరగాలంటే ఎడమ హ్యాండిల్‌ని ముందుకి తోయాలి, కుడికి అయితే కుడిది. చదవడానికి తిక్కగా ఉంటుంది, ఖాళీ గ్రౌండులో ముప్పైలో చిన్నగా తోసి చూడండి, బండి అటే వాలుతుంది. సైకిల్ నేర్చుకున్నప్పటి నుంచీ మీరు చేస్తున్నదే, తెలియకుండా.

పొడి రోడ్డు అయితే బండి మీరనుకున్నదాని కన్నా చాలా ఎక్కువ వాలగలదు. బ్రేకు గట్టిగా పడితే నిటారుగా లేచి నేరుగా పోతుంది, మలుపు ఇక తిరగదు. వెనక బ్రేకు కొంచెం, మెల్లగా, అంతవరకే. యాక్సిలరేటర్ ఒక్కసారిగా వదిలేయకండి. ముందు కొంత నేరు రోడ్డు, జాగా ఉంటే అది వేరు: బండి నిటారుగా లేపి, రెండు బ్రేకులూ గట్టిగా వేసి, మళ్లీ తిరగడం.

ఏజెన్సీ_మాస్టారు
తేజ చెప్పినదాంట్లో గ్రౌండులో నేర్చుకోవడం అన్నది ముఖ్యం. ఘాట్‌లో మొదటిసారి ప్రయోగం చెయ్యకండి. బ్రేకులు కూడా అంతే. వెనక మీ ఆవిడని కూర్చోబెట్టుకుని ఖాళీ రోడ్డు మీద 30, 40ల నుంచి ఆపి చూడండి. ఇద్దరి బరువుతో బండి వేరేగా ప్రవర్తిస్తుంది.

నర్సీపట్నం_మెకానిక్
బయల్దేరే ముందు చూసుకోవాల్సినవి చెప్పి నేను సెలవు తీసుకుంటా, షాపులో బండ్లున్నాయి. టైర్ల గాలి పొద్దున్నే, చల్లగా ఉన్నప్పుడు, ఇద్దరు కూర్చుంటే ఎంతో చైను కవరు మీదో, పుస్తకంలోనో రాసి ఉంటుంది, వెనక చక్రానికి ఎక్కువ పెట్టాలి. టైరు గాడిలో చిన్న గట్లు ఉంటాయి, రబ్బరు వాటితో సమానం అయిందంటే ఆ టైరుతో ఘాట్ ఎక్కొద్దు. బ్రేకు షూ కొత్తవి వేయించుకుంటే ట్రిప్పు ముందురోజు కాదు, వారం ముందు వేయించండి, సర్దుకోవాలి. ఇద్దరూ కూర్చున్నాక చైను ఎంత బిగుస్తుందో ఒకసారి చూడండి.

ఏఎన్ఎం_సునీత
సిగ్నల్ గురించి కూడా. మధ్యలో చాలా చోట్ల ఫోన్ పనిచెయ్యదు. ఎక్కడ నుంచి ఎక్కడికి, ఎన్నింటికి చేరతారో ఇంట్లో ఒకరికి చెప్పండి. దారిలో ఎవరైనా పడి ఉంటే, మనిషి మాట్లాడుతున్నా సరే హెల్మెట్ లాగేయకండి, మెడకి దెబ్బ ఉంటే అది ప్రాణం మీదకి తెస్తుంది. ఊపిరి ఆడకపోతేనే, ఇద్దరు కలిసి, తల కదలకుండా తియ్యాలి. నీళ్లు తాగించకండి. ఒకరు మలుపుకి ముందు నిలబడి వచ్చే బండ్లని ఆపాలి, లేకపోతే ఇంకో బండి వచ్చి గుద్దుతుంది. సిగ్నల్ ఉన్న చోటికి ఒకరు వెళ్లి 108కి చెయ్యాలి. పోలీసులు అడుగుతారేమోనని భయం వద్దు, 2019 సవరణతో చట్టంలో 134ఎ పెట్టారు, సాయం చేసినవాళ్ల మీద కేసు ఉండదు.

కొత్తబండి_వైజాగ్
గ్రౌండులో ఇద్దరం ప్రాక్టీసు చేశాం. తోయడం విషయం తేజ చెప్పినట్టే ఉంది, మా ఆవిడ నమ్మలేదు, ఇప్పుడు నమ్మింది. టైరు గట్లు చూశాను, వెనకది మార్చాలి. శనివారం ఎక్కి ఆదివారం సాయంత్రం అనంతగిరి ఘాట్ దిగుదామనుకుంటున్నాను. ఓకేనా?

సర్వీస్‌జీపు_నాయుడు
ఆదివారం సాయంత్రం వద్దు బాబూ. అరకు వచ్చిన కార్లన్నీ అప్పుడే దిగుతాయి, సగం మందికి ఘాట్ కొత్త, అందరికీ మర్నాడు ఆఫీసు తొందర. డముకు దగ్గర ఫొటోలకని మలుపులోనే కార్లు ఆపుతారు. చీకటి కూడా త్వరగా పడుతుంది. శుక్రవారం కూడా వద్దు, అరకు సంత, జీపుల మీద టాపు నిండా మనుషులు, రోడ్డు పక్కన మూటలతో నడిచేవాళ్లు. ఆదివారం ఎక్కి సోమవారం దిగు. మధ్యాహ్నం భోజనం అయ్యాక అరకులో బయల్దేరితే వెలుగుండగానే ఎస్.కోటలో ఉంటారు. పెట్రోలు చోడవరంలోనే ఫుల్ చేయించు.

కొత్తబండి_వైజాగ్
సోమవారానికి లీవు పెట్టేశాను. మా మామయ్య గారు ఈ చర్చ మొత్తం ఫోన్‌లో చదివారు. ఇప్పుడు తాను కూడా వస్తానంటున్నారు, పాత స్కూటరు మీద.

నర్సీపట్నం_మెకానిక్
రమ్మనండి. కానీ ముందు ఆ స్కూటరు మీ దగ్గర్లో ఉన్న మంచి మెకానిక్ చేత డ్రమ్ములు విప్పించి చూపించండి. ముందు బ్రేకు ముట్టుకోని మనిషి కదా, ఆ కేబులు ఎన్నేళ్లుగా పట్టేసి ఉందో.